నాలుగు గీతల స్తంభం

"పదమూడు వందల ఆరు," అన్నాడు విల్ఫ్రెడ్ ప్రోబర్ట్. ఆ ఆదివారం ఆ మాట అనడం అది పదకొండోసారి.

ఎదురుగా గొడుగులు పట్టుకుని నిలబడ్డ జనం "ఆహా" అన్నారు. పదకొండోసారి కూడా అచ్చం మొదటిసారి లాగే అన్నారు. ఈ "ఆహా" కోసమే మార్ల్‌కోట్ దొరగారింటికి జనం వస్తారని విల్ఫ్‌కి తెలుసు. ఇంటి ముందు కందకం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న ఆ రెండంతస్తుల చెక్క మొగసాలని చూస్తారు, పడమటి స్తంభం మీద చెయ్యేస్తారు, ఆరువందల ఎనభై ఏళ్ళని తాకేశామని మురిసిపోయి టీ తాగడానికి లోపలికి పోతారు. విల్ఫ్ మళ్ళీ స్టూలు మీద కూలబడతాడు. డెబ్బై నాలుగేళ్ళ మోకాళ్ళు లేచినప్పుడు ఒకసారి, కూర్చున్నప్పుడు ఒకసారి చప్పుడు చేస్తాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు అది పాత చెక్క చప్పుడనుకుంటారేమో.

"మరి లోపలి ఇల్లు?" అని ఒకావిడ అడిగింది.

"అది పద్నాలుగు వందల ఇరవై నాలుగండి."

"అదేంటి? ఇంటి కంటే గుమ్మం ముందు కట్టారా?"

తెలివైనవాళ్ళు ఈ ప్రశ్న తప్పక అడుగుతారు. దానికి జవాబు అక్కడ అమ్మే చిన్న పుస్తకంలో అచ్చయి ఉంది. అంతకుముందు ఇక్కడ ఇంకో ఇల్లు ఉండేదట. అది కాలిపోయిందట, మొగసాల ఒక్కటే మిగిలిందట. ఆ కాలిపోయిన ఇంటి ఆనవాలు ఆపిల్ తోటలో ఉన్న దిబ్బట. విల్ఫ్ చెయ్యెత్తి ఆ దిబ్బ చూపించాడు. అది వాళ్ళ నాన్న చలికాలానికి బంగాళాదుంపలు పాతిపెట్టుకున్న దిబ్బ. పక్కనే పందుల కొట్టం ఉండేది. ఆవిడ ఆ దిబ్బకి నాలుగు ఫొటోలు తీసుకుంది.

చెప్పొద్దూ, ఆ పూట అతనికి ప్రాణం విసిగిపోయింది. వాన, మోకాళ్ళు ఎప్పుడూ ఉండేవే. ఆ అంకె నోట్లోంచి బయటికి రావడమే బరువుగా ఉంటోంది.

మార్ల్‌కోట్ దొరగారింట్లో వడ్రంగి పని విల్ఫ్ పద్నాలుగో ఏట పట్టాడు. మధ్యలో యుద్ధానికి వెళ్ళి ఇటలీలో వంతెనలు కట్టాడు, వచ్చి మళ్ళీ అదే బల్ల ముందు నిలబడ్డాడు. అరవై అయిదో ఏట పని మానేశాడు. మానేశాక కూడా బుధవారం, ఆదివారం మధ్యాహ్నాలు స్టూలేసుకుని మొగసాల కింద కూర్చుంటున్నాడు. అతనికి ఆ ఇంటి చరిత్ర పుస్తకం చదివితే వచ్చింది కాదు, చేత్తో తడిమితే వచ్చింది. పెద్ద హాలు కప్పులో వాసాలు నల్లగా ఉంటాయి. పొగగొట్టం లేని రోజుల్లో నేల మధ్యలో పెట్టిన మంట మసి అది, వేలితో రాస్తే ఇప్పటికీ అంటుతుంది. తర్వాతెవరో ఆ హాలుని మధ్యకి కోసి పై అంతస్తు వేశారు. వేసినవాడు దొంగ పనివాడు, మూడు చోట్ల దూలం చాలక ముక్కలు అతికాడు. ఆ తర్వాత ఇంకో దొర ఉత్తరం వైపు ఇటుక గోడ లేపి ఫ్యాషనన్నాడు. ఇప్పటికీ తడి పీల్చేది ఆ గోడే. ఎవరు మంచి పనివాడో, ఎవరు ఎగ్గొట్టాడో విల్ఫ్ అందరి లెక్కా చెప్పగలడు. వాళ్ళ పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. "ఇది ఎవరు చెక్కారండీ?" అని జనం అడిగితే, "పేరు తెలీదండి, పనివాళ్ళ పేర్లు ఎవరు రాస్తారు?" అంటాడు.

ఇక ఆ స్తంభం సంగతి.

పంతొమ్మిది వందల నలభై ఏడులో పడ్డ చలి మా వైపు పెద్దవాళ్ళెవరూ మర్చిపోలేదు. ఏడు వారాలు మంచు కదల్లేదు. మార్చిలో ఒక్కసారిగా కరిగి, కందకం పొంగి, మొగసాల అడుగంతా నీళ్ళలో నానింది. నీళ్ళు తీసేసరికి పడమటి స్తంభం పుచ్చిపోయిందని తేలింది. ఉలి పెడితే కేకులో దిగినట్టు దిగింది. ఆ ఇంటి యజమాని కర్నల్ వెనబుల్స్ దొర బూట్లతో బురదలో నిలబడి, "కొత్త ఓక్ చెక్క పెట్టు ప్రోబర్ట్, ఈస్టరు లోపల అయిపోవాలి," అని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

కొత్త ఓక్ ఎక్కడుంది? యుద్ధం అయి రెండేళ్ళు కాలేదు, చెక్క ముక్కకి కూడా సర్కారు పర్మిట్ కావాలి. అడిగితే ఆరు నెలలన్నారు. అప్పటికి మొగసాల కందకంలో ఈత కొడుతుంటుంది. మంచు బరువుకి నెదర్‌వుడ్ పొలంలో ఒక ముసలి ధాన్యపు కొట్టు కూలి పడి ఉంది. దాని స్తంభాలు ఇనుములా ఉన్నాయి. ఆ రైతు, "పొయ్యిలోకి కొట్టుకోవాలంటే గొడ్డలి తిరగబడుతోంది, నువ్వు పట్టుకుపో," అన్నాడు. విల్ఫ్ గుర్రబ్బండి మీద ఒకటి తెచ్చుకున్నాడు.

అప్పుడతనికి ఇరవై తొమ్మిదేళ్ళు, చేతుల నిండా పొగరు. పాత స్తంభాన్ని పక్కన పడుకోబెట్టి, దాని ఒంపు కూడా వదలకుండా కొత్తదాంట్లో దింపాడు. కొట్టులో ఉన్నప్పుడు దూలాలు దిగిన పాత తొలులన్నిటికీ, చెక్క రేఖకి రేఖ కలిసేలా అదే ఓక్ ముక్కలు పెట్టి మూసేశాడు. చెక్క చీలలు కూడా రంపంతో కొయ్యకుండా పాతకాలం వాళ్ళలాగే చీల్చి చెక్కాడు. మా వైపు వడ్రంగుల్లో ఒక పద్ధతి ఉంది. చట్రం నేల మీద బిగించి చూసుకున్నాక, ఏ ముక్క ఎక్కడిదో తెలియడానికి ప్రతిదాని మీద ఉలితో గీతలు పెడతారు. ముక్క మారిస్తే పాతదాని గుర్తు కొత్తదాని మీద మళ్ళీ పెట్టాలి, లేకపోతే తర్వాత విప్పేవాడు చచ్చినట్టు తికమకపడతాడు. పాతదాని మీద నాలుగు నిలువు గీతలున్నాయి. విల్ఫ్ నాలుగు గీతలు పెట్టాడు, ఆ పాత చెయ్యి ఎంత లోతు దింపిందో అంతే లోతు. మాంచి పనివాడైతే తన పేరు కూడా ఎవరికీ కనపడని చోట పెట్టుకుంటాడు. అదీ పెట్టాడు.

"అయిందా?" అని కర్నల్ దొర అడిగాడు.

"అయిందండి."

అంతకంటే ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు.

డెబ్బై నాలుగులో పెద్ద చదువులవాళ్ళు నలుగురు వచ్చి సన్నటి బర్మాతో మొగసాలకి చిల్లులు పెట్టారు. చెట్టు లోపలి వలయాలు లెక్కపెట్టి అది ఏ ఏడాది నేలకొరిగిందో చెప్తారట. ఆ వారం విల్ఫ్ ఫ్లూ జ్వరంతో మంచం మీదున్నాడు. లేచి పనికొచ్చేసరికి అంతా అయిపోయింది. మిగతా చోట్ల వలయాలు చాల్లేదు, పడమటి స్తంభం మాత్రం బ్రహ్మాండంగా పలికింది. పదమూడు వందల ఆరు!

మిస్ సిసిలీ వర్క్‌షాపు దాకా పరుగెత్తుకొచ్చింది. ఆమె కర్నల్ దొర కూతురు. తమ్ముడు యుద్ధంలో పోయాడు, తండ్రి పోయాడు, పెళ్ళి లేదు. ఆ ఇంటినీ దాని కారే కప్పునీ ఒక్కత్తే మోస్తోంది. ఆమె పరుగెత్తడం విల్ఫ్ చిన్నప్పటి తర్వాత మళ్ళీ చూడలేదు.

"ప్రోబర్ట్! ఈ జిల్లా మొత్తంలో మనదే పాతదట! అయ్యో, నాన్న ఈ మాట వినకుండానే పోయారు!"

విల్ఫ్ నోరు తెరిచాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. విల్ఫ్ నోరు మూసుకున్నాడు.

అతను చేసిన తప్పు అదొక్కటే, ఆ నోరు మూసుకోవడం. రేపు చెప్దామనుకున్నాడు. రేపటికి ఆమె పేపరువాళ్ళకి చెప్పేసింది. ఎల్లుండి చెప్దామనుకున్నాడు, ఎల్లుండికి ఆ చదువులవాళ్ళు కాలిపోయిన ఇంటిని కనిపెట్టేశారు. తర్వాత బోర్డు వచ్చింది, పుస్తకం వచ్చింది, మొగసాల బొమ్మ కింద ఆ అంకె అచ్చేసిన గిన్నెలు తుడిచే గుడ్డలు వచ్చాయి. జనం వచ్చారు, కప్పు కారడం ఆగింది. ఇప్పుడు చెప్తే ఏం బాగుంటుంది?

అలా పద్దెనిమిదేళ్ళు గడిచిపోయాయి.

వానపడ్డ ఆ ఆదివారం తర్వాత మంగళవారం డాక్టర్ టేట్ వచ్చింది. పాత కట్టడాల మరమ్మతులు చూసే సంస్థ పంపిన మనిషి, నలభై ఏళ్ళుంటాయి, మర్యాదస్తురాలు. మొగసాల తూర్పుకి ఒరుగుతోంది. నిలబెట్టాలంటే ఏదో ఒక పక్క చట్రం పూర్తిగా కోసేసి, లోపల ఉక్కు పెట్టి, పైన కొత్త ఓక్ తొడగాలి. ఆమె వంటింటి బల్ల మీద పటం పరిచింది. మిస్ సిసిలీ కళ్ళజోడు పెట్టుకుంది. విల్ఫ్ టోపీ చేత్తో పట్టుకుని వెనక నిలబడ్డాడు.

"అదృష్టం ఏంటంటే," అంది డాక్టర్ టేట్, "తూర్పు వైపు చెక్కకి ఈసారి వలయాలు దొరికాయి. పద్నాలుగు వందల ఎనభై రెండు. అంటే అదంతా తర్వాత మార్చిన చెక్క. పడమటిదే అసలుది. కాబట్టి తూర్పుది తీసేస్తాం, అసలుది ముట్టుకోం."

అది తప్పని విల్ఫ్‌కి తెలుసు. తూర్పు వైపే అసలు మొగసాల. ఆ స్తంభం, దానికి ఆనుకున్న వంపు కొయ్యలు, గుమ్మం పైన ద్రాక్షతీగ చెక్కిన దూలం, అన్నీ ఒక చేతి పని. అయిదువందల ఏళ్ళ కిందటి ఆ పేరు లేని మహానుభావుడి పని. దాన్ని కోసి చెత్తలో వేసి, నెదర్‌వుడ్ ధాన్యపు కొట్టు ముక్కకి దండం పెడతారన్నమాట.

"ఎప్పుడు మొదలుపెడతారండీ?" అని మాత్రం అడిగాడు.

"సోమవారం."

ఇంటికొచ్చి రొట్టె, జున్ను ముందు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. భార్య హిల్డా ఒకప్పుడు ఆ ఇంట్లోనే బట్టలు ఉతికిన మనిషి, కాబట్టి స్తంభం సంగతి ఆమెకి మొదట్నుంచీ తెలుసు.

"ఆ జున్నుని అలా చూడకు, అది భయపడుతుంది," అంది. అతను జరిగింది చెప్పాడు. హిల్డా టీ పోస్తూ మొత్తం వింది.

"అయితే వెళ్ళి చెప్పు."

"పద్దెనిమిదేళ్ళ తర్వాతా? మిస్ సిసిలీ నన్ను గేటవతలికి గెంటిస్తుంది."

"గెంటించనీ. నీకా స్టూలు మీద కూర్చునే బాధ తప్పుతుంది. ఒక్కటి చెప్పు విల్ఫ్. నువ్వు నిజం చెప్తే, తూర్పుది ఉంచేస్తారు. అప్పుడు కోసేదేది?"

విల్ఫ్ రొట్టె పళ్ళెం పక్కకి నెట్టాడు.

"నీదే కదా," అంది హిల్డా. "నీ చేత్తో చేసినదాంట్లో నువ్వు బాగుందన్నది ఆ ఒక్కటే. నాకు కట్టిన వంటింటి అలమరా ఇప్పటికీ వంకరే."

"తెలుసు హిల్డా," అన్నాడు. "అందుకే తినబుద్ధి కావడం లేదు."

బుధవారం వెళ్ళి మిస్ సిసిలీకీ డాక్టర్ టేట్‌కీ చెప్పాడు. దాచకుండా, వరసగా, కర్నల్ దొర బూట్ల దగ్గర్నుంచి తన ఫ్లూ జ్వరం దాకా అంతా చెప్పాడు. మిస్ సిసిలీ ముఖం పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది.

"పద్దెనిమిదేళ్ళు ప్రోబర్ట్! మా గుమ్మంలో నిలబడి, నా చేత ఊరందరికీ అబద్ధం చెప్పించావా? మేయర్ గారి విందులో చెప్పాను! బిషప్ గారికి చెప్పాను!"

"తప్పయిందండి అమ్మగారూ."

"అసలు నిజమేనా ఇది? నీకు వయసు మీద పడి..." అని ఆగిపోయింది.

ఆమె ఆపిన మాటని డాక్టర్ టేట్ మెత్తగా అందుకుంది. "మిస్టర్ ప్రోబర్ట్, మీరు ఏదో బాగుచేసే ఉంటారు, కాదనను. పక్కనున్న చిన్న కొయ్యేదో అయ్యుంటుంది. నలభై అయిదేళ్ళ కిందటి మాట కదా, కలగాపులగం అవుతుంది. నేను ఆ స్తంభాన్ని అంగుళం అంగుళం చూశాను. వేరే చోట నుంచి తెచ్చినదైతే పాత తొలులు కనపడతాయి, ఒక్కటీ లేదు. చీలలు చేత్తో చీల్చినవి. ఆ నాలుగు గీతలు చూశారా? అది పాతకాలం చెయ్యి. ఇప్పటివాళ్ళు అలా దింపలేరు."

ఓరి దేవుడా! జన్మలో అతని పనిని అంత మెచ్చుకున్నవాళ్ళు లేరు. మెచ్చుకుంటూనే అతన్ని మతి చెడ్డ ముసలాణ్ణి చేసేసింది. విల్ఫ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టోపీ పెట్టుకుని వచ్చేశాడు. ఆ మధ్యాహ్నం స్టూలు మీద కూర్చోలేదు.

గురు, శుక్ర, శనివారాలు ఇంట్లోనే ఉన్నాడు. ఇంక నావల్ల కాదు, చెప్పాల్సింది చెప్పాను, ఏమైనా చేసుకోనీ అనుకున్నాడు. ఆదివారం కూడా వెళ్ళలేదు. అనుకోవడం సులువే గానీ, ద్రాక్షతీగ దూలం కళ్ళ ముందునుంచి పోదే! ఆ తీగలో ఒకచోట ఆకు వెనక నత్త ఉంది. నిచ్చెనెక్కితే తప్ప కనపడదు. ఎవరూ చూడని నత్తని కూర్చుని అంత ఓపిగ్గా చెక్కాడు వాడు.

సోమవారం పొద్దున్నే విల్ఫ్ తన చెక్క సుత్తి సంచిలో వేసుకుని బయల్దేరాడు. పనివాళ్ళు అప్పటికే పరంజా కట్టి, పై దూలాల కింద జాకీలు బిగించారు. మేస్త్రీ గెథిన్ ప్రాసర్, వేల్సు కొండల మనిషి, తూర్పు స్తంభం మీద సుద్దతో గీత గీస్తున్నాడు.

"పెద్దాయనా, కింద నుంచోకు, నెత్తిన పడుతుంది," అని అరిచాడు.

"రంపం పెట్టకముందు నాకొక్క పని చేసిపెట్టు. పడమటి స్తంభం తల దగ్గర రెండు చీలలుంటాయి, వాటిని కొట్టెయ్యి. ఎలాగూ జాకీల మీదే ఉందిగా బరువు."

"ఎందుకు? దాన్ని ముట్టుకుంటే డాక్టరమ్మ నా తోలు తీస్తుంది."

"ఎడమ చీల నువ్వనుకున్న వైపు నుంచి రాదు. వెనక నుంచి కొట్టాలి. ఆ రోజు ముందునుంచి చోటు చాలక నేను వెనక నుంచి దిగ్గొట్టాను."

గెథిన్ అతని వంక చూశాడు. పరంజా ఎక్కి, వెనక్కి వంగి, వేలితో తడిమాడు. చీల లావు కొస నిజంగానే వెనక వైపుంది. పాతకాలం వాళ్ళు చట్రం నేల మీద బిగించి చూసుకునేవాళ్ళు, ముందు వైపు నుంచే కొట్టేవాళ్ళు. నిలబడ్డ మొగసాలలో ఇరుక్కుని ముక్క మార్చినవాడికే వెనక నుంచి కొట్టాల్సిన ఖర్మ పడుతుంది. ఇది చదువుకున్నవాళ్ళకి తట్టే విషయం కాదు. వడ్రంగికి మాత్రం ఒక్క క్షణం చాలు.

"ఒరేయ్, డాక్టరమ్మని పిలవండి," అన్నాడు గెథిన్ కిందివాళ్ళతో.

ఆమె వచ్చి వద్దంది, గెథిన్ చీల చూపించాడు. ఆమె ఆ కొస మీద తనే వేలు పెట్టి చూసింది. తర్వాత సరేనంది. విల్ఫ్ సుత్తి అందించాడు. రెండు చీలలూ మొండికేసి మొండికేసి ఊడాయి. జాకీలు బొటనవేలు మందం ఎత్తారు, మళ్ళీ ఎత్తారు, స్తంభం తల మెల్లిగా దూలంలోంచి బయటపడింది. నాలుకలా చెక్కిన ఆ కొస గాలీ ఎండా తగలక నిన్న కోసినట్టుంది. దాని మీద ఉలితో చెక్కిన అక్షరాలున్నాయి.

"డబ్ల్యూ. పి., మార్చి పంతొమ్మిది వందల నలభై ఏడు," అని గెథిన్ పైకి చదివాడు. "కింద ఇంకేదో ఉంది. 'చేతులు కొంకర్లు పోతున్నాయి' అట!" పనివాళ్ళంతా గొల్లుమన్నారు.

డాక్టర్ టేట్ నవ్వలేదు. పరంజా మీదే కూర్చుని పటం తీసి, తూర్పు మీద గీతలు చెరిపి, పెన్సిల్‌తో పడమటి మీద గీసింది. ఆ పని చెయ్యడానికి అరనిమిషం పట్టలేదు. "తూర్పుది ముట్టుకోవద్దు," అంది గెథిన్‌తో. "ఇది తీసెయ్యండి. పంతొమ్మిది వందల నలభై ఏడు మరమ్మతు, చారిత్రకంగా విలువేం లేదు." అని, కింద నిలబడ్డ విల్ఫ్ గుర్తొచ్చి తడబడింది. "క్షమించండి మిస్టర్ ప్రోబర్ట్. నా ఉద్దేశం..."

"నేనడిగింది అదేనండి," అన్నాడు విల్ఫ్. రంపం చప్పుడు మొదలయ్యాక అక్కడ నిలబడలేకపోయాడు. కందకం చుట్టూ తిరిగి ఆపిల్ తోటలోకి పోయి, నాన్న బంగాళాదుంపల దిబ్బ మీద కూర్చుని, ముసలి కళ్ళు తుడుచుకున్నాడు.

మిస్ సిసిలీ అక్కడికే వచ్చింది, చేతికర్ర పొడుచుకుంటూ. ఎనభై ఒక్కేళ్ళ మనిషి, తడిగడ్డి మీద అతని పక్కన కూర్చోవడానికి చాలాసేపు పట్టింది.

"నువ్వు ఆ రోజు నోరు తెరిచావు ప్రోబర్ట్," అంది. "నాకు గుర్తుంది. నేనే అడగలేదు."

"అవునండి."

"కాలిపోయిన ఇల్లు మీద కూర్చున్నామా ఇప్పుడు?"

"బంగాళాదుంపల మీదండి అమ్మగారూ."

ఆమె నవ్వింది. దగ్గొచ్చే దాకా నవ్వింది. "ఆ గుడ్డలు ఇంకా రెండువందలున్నాయి. చచ్చే దాకా వాటితోనే గిన్నెలు తుడుచుకోవాలి," అంది. తర్వాత ఇద్దరూ రంపం ఆగే దాకా అక్కడే కూర్చున్నారు.

మరుసటి ఆదివారం బోర్డు లేదు. విల్ఫ్ స్టూలు మీద కూర్చుని, జనానికి ద్రాక్షతీగ చూపించి, "పద్నాలుగు వందల ఎనభై రెండు," అన్నాడు. జనం "ఓహో" అన్నారు, అంత గట్టిగా కాదు. పడమటి పక్క గెథిన్ పెట్టిన కొత్త ఓక్ పచ్చిగా మెరుస్తోంది, దాని మీద నాలుగు గీతలూ ఉన్నాయి. పాత స్తంభం మూడు ముక్కలై దారి పక్క గడ్డిలో పడుంది, బండి వచ్చి తీసుకుపోవాలి.

ఒకతను ఆ ముక్కల దగ్గర ఆగాడు. వంగి, గీతల మీద వేలు పోనిచ్చాడు. చేతులు చూస్తే అతనిదీ ఏదో పనివాడి బతుకే.

"పెద్దాయనా, ఇదేంటి ఇలా పారేశారు? ఎంత చక్కటి పని! ఎవరు చెక్కారిది?"

పేరు తెలీదండి అన్న మాట అలవాటుగా నోటి దాకా వచ్చింది. విల్ఫ్ దాన్ని మింగేశాడు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచాడు.

"నేనేనండి," అన్నాడు. "ప్రోబర్ట్ అంటారు."